జాకబ్స్ వెళ్ళిపోయిన చోటికి జెంటీ: రన్నింగ్ బ్యాక్ ధర ఎలా పడిపోయింది?

ఏప్రిల్ 24 రాత్రి గ్రీన్ బేలో జరిగిన 2025 ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, లాస్ వెగాస్ రెయిడర్స్ తమ ఆరో నంబర్ పిక్‌ను ఒక రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) కోసం వాడింది. అతను బోయిసీ స్టేట్ యూనివర్సిటీ కుర్రాడు ఆష్టన్ జెంటీ. 2024 సీజన్‌లో 2,601 యార్డులు పరిగెత్తాడు. 1988లో బారీ శాండర్స్ పెట్టిన కాలేజీ రికార్డుకు 27 యార్డులే తక్కువ. అంతకు నెలన్నర ముందు ఫిలడెల్ఫియా ఈగిల్స్ సేక్వాన్ బార్క్‌లీకి ఏడాదికి 2.06 కోట్ల డాలర్ల లెక్కన రెండేళ్ళ కాంట్రాక్టు పొడిగింపు ఇచ్చింది. రన్నింగ్ బ్యాక్‌కు ఏడాదికి రెండు కోట్లు దాటడం అదే మొదటిసారి. దాంతో పాత గొడవ మళ్ళీ లేచింది. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి మీద అంత పెట్టొచ్చా, ముందు నిలబడి దారి చేసే లైన్ బాగుంటే ఎవరైనా పరిగెత్తరా అని.

ఈ గొడవ అర్థం కావాలంటే జెంటీని తీసుకున్న జట్టు దగ్గరే మొదలుపెట్టాలి.

2022 నవంబర్ 27, సియాటిల్. మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో ఉంది. రెయిడర్స్ రన్నింగ్ బ్యాక్ జోష్ జాకబ్స్ ఆ వారమంతా పిక్క నొప్పితో ఉన్నాడు, ఆడతాడో లేదో కూడా తెలియదు. అప్పటికే ముప్ఫైసార్లకు పైగా బంతి మోసి, మోసిన ప్రతిసారీ ఎవరో ఒకరి కింద పడి లేచాడు. బంతి మళ్ళీ అతని చేతికే ఇచ్చారు. సందు దొరకగానే దూసుకెళ్ళాడు. ఎండ్ జోన్ (మైదానం చివర స్కోరు చేసే చోటు) దాకా, మొత్తం 86 యార్డులు. మ్యాచ్ అక్కడితో అయిపోయింది. ఆ ఒక్క రోజు అతని పరుగు 229 యార్డులు, పట్టిన పాస్‌లు కూడా కలిపితే 303. ఆ సీజన్ మొత్తానికి 1,653 యార్డులతో లీగ్‌లోనే మొదటివాడు.

అవతలి జట్టు సీహాక్స్ కోచ్ పీట్ కారల్. జెంటీని తీసుకున్నప్పుడు రెయిడర్స్ కోచ్ ఆయనే.

అంత ఆడినవాడికి రెయిడర్స్ ఏమిచ్చింది? ఆ ఏడాది వసంతంలోనే, అంటే అతను ఇదంతా చేయకముందే, అతని కాంట్రాక్టులోని ఐదో ఏడాది ఆప్షన్ (జట్టు కావాలంటే ఇంకో ఏడాది ఉంచుకునే హక్కు) వద్దనుకుంది. సీజన్ అయ్యాక వేరే జట్టుకు పోకుండా ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసింది. ఏడాదికి కోటి డాలర్ల పైచిలుకు, ఆ తర్వాత ఏమిటో హామీ లేదు. దీర్ఘకాల ఒప్పందానికి గడువు 2023 జులై 17న ముగిసింది. జాకబ్స్‌కూ రాలేదు, న్యూయార్క్ జెయింట్స్‌లో ఉన్న బార్క్‌లీకీ రాలేదు, డాలస్‌లో టోనీ పోలార్డ్‌కూ రాలేదు. ఆ శనివారం ఆస్టిన్ ఎకెలర్ చొరవతో లీగ్‌లోని పేరున్న రన్నింగ్ బ్యాక్‌లు జూమ్‌లో కలుసుకున్నారు. బాగా ఆడటమే నష్టం తెచ్చే స్థానం మాది ఒక్కటే అని నిక్ చబ్ ఆ తర్వాత విలేకరులతో చెప్పాడు. రెండు వేల యార్డులు పరిగెత్తితే మరుసటి ఏడాది అరిగిపోయావంటారని అతని బాధ. ఆ కాల్‌తో మారిందేమీ లేదు. జాకబ్స్ ట్రైనింగ్ క్యాంపు అంతా బయటే ఉండి, చివరికి ఒక్క ఏడాదికి సంతకం చేశాడు. 2024 మార్చిలో గ్రీన్ బేకి వెళ్ళిపోయి అక్కడ 1,329 యార్డులు పరిగెత్తాడు. అతను లేని రెయిడర్స్ పరుగులో లీగ్‌లోనే ఆఖరి జట్టయింది. జెంటీ మీద ఆరో పిక్ వెనక ఉన్న అవసరం ఇదే.

రన్నింగ్ బ్యాక్ విలువ పడిపోయిందంటే చాలామంది బంతి విసిరి ఆడే పాసింగ్ ఆట పెరగడమే కారణమంటారు. అది నిజమే, కానీ సగం నిజం. నా లెక్కలో అసలు మలుపు మైదానంలో రాలేదు, 2011 వేసవిలో యజమానులు, ఆటగాళ్ళ సంఘం కుదుర్చుకున్న ఒప్పందంలో వచ్చింది. అంతకుముందు డ్రాఫ్ట్‌లో వచ్చిన కొత్తవాళ్ళకు భారీ మొత్తాలు పోసేవారు. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్ళకు 7.8 కోట్ల డాలర్లు. 2011లో మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్ళకు 2.2 కోట్లు. ఒక్క ఏడాదిలో అంత తేడా. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడు నాలుగేళ్ళు కట్టుబడి ఉండాలి, మూడు సీజన్లు ఆడేదాకా జీతం మాట ఎత్తకూడదు, మొదటి రౌండ్ వాడైతే ఐదో ఏడాది కూడా జట్టు చేతిలోనే.

కొత్తవాళ్ళ దగ్గర మిగిలిన డబ్బు సీనియర్లకు చేరుతుందన్న ఆశతో సంఘం ఒప్పుకుంది. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు అది సరిపోయింది, అతను 35 దాటినా ఆడతాడు. రన్నింగ్ బ్యాక్‌కు సీనియర్ అయ్యే వయసే లేదు. అతని కాళ్ళు బాగా పనిచేసేది 22 నుంచి 26 దాకా, సరిగ్గా ఆ చవక కాంట్రాక్టు నడిచే ఏళ్ళు. బయటికి వచ్చేసరికి ట్యాగ్. ఆ ట్యాగ్ మొత్తం కూడా ఆ స్థానంలో పైనున్నవాళ్ళ జీతాల్ని బట్టే లెక్క కడతారు, కాబట్టి అందరి జీతాలూ తగ్గితే ట్యాగ్ కూడా తగ్గుతుంది. 2017లో రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ 1.21 కోట్లు, 2023లో 1.01 కోట్లు. అదే కాలంలో జట్టు జీతాల పరిమితి 16.7 కోట్ల నుంచి 22.48 కోట్లకు పెరిగింది. 2020లో సంఘం మళ్ళీ ఒప్పందం చేసుకున్నప్పుడు కూడా ఈ నాలుగేళ్ళ లెక్క అలాగే ఉండిపోయింది.

జట్ల వైపు చెప్పుకోవడానికి ఏమీ లేదని కాదు. పిట్స్‌బర్గ్‌లో లెవియన్ బెల్ 2017లో 406 సార్లు బంతి అందుకుని, రెండో ట్యాగ్‌ను కాదని 2018 సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. 1.45 కోట్లు పోయాయి. అతని చోట దిగిన జేమ్స్ కానర్ ప్రో బౌల్‌కు (సీజన్‌లో మేటి ఆటగాళ్ళకు దక్కే ఎంపిక) వెళ్ళాడు. అదే ఏడాది పెద్ద కాంట్రాక్టు అందుకున్న రామ్స్ ఆటగాడు టాడ్ గర్లీని 2020లో వదిలేశారు. 2019లో 9 కోట్ల పొడిగింపు అందుకున్న ఈజికియెల్ ఎలియట్‌ను 2023లో పంపించేశారు. యజమానులు చూపించే ఉదాహరణలు ఇవే. కానీ గర్లీకి, ఎలియట్‌కు ఆ డబ్బు వచ్చింది ఒళ్ళు హూనమయ్యేలా మోసిన ఏళ్ళ తర్వాత. చవకగా ఆడించుకున్న ఆ తొలి ఏళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇక ఫిలడెల్ఫియా. 2023లో ఈగిల్స్ తరఫున డి'ఆండ్రే స్విఫ్ట్ 16 మ్యాచ్‌లలో 1,049 యార్డులు చేశాడు, ఒక్కో పరుగుకు 4.6. మరుసటి ఏడాది లైన్‌లో అందరికంటే పేరున్న జేసన్ కెల్సీ రిటైరయ్యాడు. బార్క్‌లీ వచ్చాడు. అతనూ 16 మ్యాచ్‌లలోనే 2,005 యార్డులు, ఒక్కో పరుగుకు 5.8. జెయింట్స్‌లో అంతకుముందు ఏడాది ఇదే మనిషి 3.9 దగ్గరే ఆగిపోయాడు కాబట్టి లైన్ విలువను నేను కాదనను. లైన్ ఐదు యార్డుల సందు ఇస్తుంది. దాన్ని అరవై చేసేది ఆ కాళ్ళే. 2025 జనవరిలో రామ్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్. మంచు కురుస్తోంది, మిగతావాళ్ళు జారకుండా నిలబడటానికే తంటాలు పడుతున్నారు. అతను మాత్రం ఒకసారి 62, ఇంకోసారి 78 యార్డులు వెళ్ళి టచ్‌డౌన్ చేశాడు. గెలిచిన తేడా ఆరు పాయింట్లు. ఫిబ్రవరి 9న, తన 28వ పుట్టినరోజున, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) అందుకున్నాడు. జెయింట్స్ కుటుంబంలో ఈ భయం ముందే ఉంది. బార్క్‌లీ ఫిలడెల్ఫియాకు వెళ్తే నిద్ర పట్టదని యజమాని జాన్ మారా కెమెరా ముందే అన్నాడు.

డ్రాఫ్ట్ నాటికి జెంటీకి 21 ఏళ్ళు. ఆరో పిక్ అయినా అతని కాంట్రాక్టు కూడా నాలుగేళ్ళే, ఐదో ఏడాది జట్టు ఇష్టం. ఆ తర్వాత ట్యాగ్ వేసే హక్కు కూడా జట్టుదే. ఐదేళ్ళూ పూర్తయ్యేసరికి అతనికి 26. ఐదో ఏడాది గురించి రెయిడర్స్ 2028 వసంతంలో తేల్చాలి. జాకబ్స్ విషయంలో ఇదే ప్రశ్న వచ్చినప్పుడు, అంటే 2022లో, వాళ్ళ జవాబు వద్దనే.