రాజమండ్రి రోడ్డు కమ్ రైలు వంతెనకు మరమ్మతులు ఎందుకు ఆగవు

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరి మీద తొలి వంతెన పనులు 1897లో మొదలై 1900లో పూర్తయ్యాయి. రాతి స్తంభాల మీద 56 స్పాన్లు (రెండు స్తంభాల నడుమ భాగాలు), ఒక్కోటి 45.7 మీటర్లు. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. కానీ అది రైలు వంతెన. రోడ్డున వచ్చినవాళ్లకు ఇక్కడ ఏరు దాటాలంటే పడవలు, లాంచీలే దిక్కు.

1974లో వచ్చిన రెండో వంతెనతో ఆ ఇబ్బంది తీరింది. కింద ఒంటి రైలు లైను, పైన రోడ్డు. 91.5 మీటర్ల స్పాన్లు 27, 45.72 మీటర్లవి 7. ఈ చిన్నవాటిలో ఆరింటిని రాజమండ్రి వైపు 6 డిగ్రీల వంపులో కట్టారు. ఊరు అప్పటికే గట్టు దాకా కమ్ముకుపోయింది మరి. నేటికీ రైలు ఆ వంపు తిరిగే ఊళ్లోకి వస్తుంది.

రోడ్డు తరచూ పాడయ్యేది స్పాన్ల మధ్య జాయింట్ల దగ్గరే. ఎండ ఒక్క డిగ్రీ పెరిగితే 91.5 మీటర్ల ఉక్కు దాదాపు 1 మిల్లీమీటరు సాగుతుంది. 30 డిగ్రీల తేడాకు 3 సెంటీమీటర్ల పైమాటే. అందుకే సందు వదిలి, అంచులకు ఇనుప యాంగిల్ (L ఆకారపు పట్టీ) బిగిస్తారు. లోడు లారీ చక్రం ఆ అంచును కొట్టీ కొట్టీ పక్క కాంక్రీటు పెచ్చులూడుతుంది. వాన నీరు సందులోంచి దిగి కింద గర్డర్లకు, అంటే బరువు మోసే ఉక్కు దూలాలకు, తుప్పు పట్టిస్తుంది. గుంట కనపడకుండా తారు పోస్తే ఇంకా చేటు: సందు మూసుకుపోతుంది, వంతెన మీద బరువు పెరుగుతుంది.

సరిగా చేయాలంటే వదులైన కాంక్రీటంతా చెక్కేయాలి, కడ్డీల తుప్పు గీకాలి, యాంగిల్ మట్టం చూసి బిగించాలి, కొత్త కాంక్రీటు పోసి కనీసం వారం రోజులు తడుపుతూ ఉండాలి. పూర్తి బలానికి 28 రోజులు. పక్కనే బస్సులు అదురుతూ పోతుంటే పచ్చి కాంక్రీటు అంచు పట్టు వదిలేస్తుంది. కాబట్టి రాకపోకలు ఆపక తప్పదు. రోడ్డు పనికి రైల్వేనూ కలుపుకోవాలి, కింద రైళ్లు నడుస్తుంటాయి గనుక.

1997లో ఆర్చి వంతెన వచ్చి హేవలాక్‌కు విశ్రాంతినిచ్చింది. 97.55 మీటర్ల స్పాన్లు 28 ఉన్నా అదీ రైలుకే. 2015లో తెరిచిన నాలుగో వంతెన రోడ్డుదే, పొడవు 4 కిలోమీటర్ల పైనే. అయితే అది ఊరికి ఎగువన కాతేరు దగ్గర దిగుతుంది. రోడ్డు కమ్ రైలు వంతెన మూసిన రోజుల్లో కొవ్వూరు నుంచి కాలేజీకో ఆస్పత్రికో వచ్చేవాళ్లు అటు చుట్టు తిరగాలి, లేదా ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా రావాలి.