డిఫాల్ట్ అయ్యే రోజు

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గిల్ గొడవ మళ్ళీ రాజుకుంది. గిల్ అంటే ఒక ప్రోగ్రామ్‌లో ఎన్ని థ్రెడ్లు (పక్కపక్కన నడిచే పనులు) ఉన్నా ఒకసారికి ఒక్కదాన్నే నడవనిచ్చే తాళం. పైథాన్ 3.15 వెర్షన్ విడుదల 2026 అక్టోబర్‌లో ఉంది కాబట్టి దాంట్లో ఏముండాలి, దాని తర్వాత ఏం రావాలి అన్న మాటలు ఇప్పుడు రుషికొండ ఐటీ కొండ దిగువ టీ బళ్ళ దగ్గర కూడా వినిపిస్తున్నాయి. కుర్రాళ్ళది ఒకటే మాట: "ఏటి గురూ, ఎనిమిది కోర్ల మెషిన్ పెట్టుకుని ఒక్క కోర్‌తో ఎన్నాళ్ళు నడుపుతాం? గిల్ లేని పైథాన్‌నే డిఫాల్ట్ చేసేస్తే పోలా?" రాత్రిళ్ళు సర్వర్లు కాచుకునేవాళ్ళు మాత్రం అంత తొందర పడటం లేదు.

వాల్రస్ ఆపరేటర్ (:= అనే కొత్త గుర్తు) మీద గొడవలో నలిగిపోయి 2018 జులైలో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రాసమ్ నాయకత్వం నుంచి తప్పుకోవడం, 2019లో అయిదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ రావడం తెలిసిన సంగతే. ఏ ఫీచర్ ఎప్పుడు రావాలో ఎవరు తేల్చాలన్నది అక్కడితో తేలిపోయిందని చాలామంది లెక్క. నా లెక్కలో అది తేలింది 2021 ఏప్రిల్‌లో. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే ఆ నెల చూడాలి.

అప్పటి తగాదా టైప్ హింట్ల గురించి. ఫంక్షన్‌కి వచ్చే విలువ ఏ రకమో పక్కనే రాసుకుంటాం కదా, పైథాన్ దాన్ని అక్కడికక్కడే లెక్కగట్టేది. దానివల్ల ప్రోగ్రామ్ మొదలవడం కాస్త ఆలస్యం, ఇంకా పుట్టని క్లాస్ పేరు రాస్తే ఎర్రర్. పెప్ 563 (పెప్ అంటే భాషలో మార్పుకి పెట్టే ప్రతిపాదన) దీనికి ఒక ఉపాయం చెప్పింది: లెక్కగట్టొద్దు, రాసింది రాసినట్టు స్ట్రింగ్‌గా దాచేద్దాం, కావాల్సినవాళ్ళు తర్వాత విప్పుకుంటారు. 2017లో గైడో ఒప్పుకున్నారు, 2018 జూన్‌లో 3.7తో వచ్చింది. ఫైల్ పైన ఒక లైన్ రాసుకుంటేనే పనిచేసేది. 3.10తో ఆ లైన్ లేకున్నా అదే డిఫాల్ట్ అవుతుందని నిర్ణయించారు.

ఇబ్బంది ఎక్కడో చెబుతాను. గాజువాకలో ఒకాయన చీటీ మీద "పక్కింటివాళ్ళకి ఇవ్వండి" అని రాశాడనుకోండి. అక్కడే చదివితే ఏ ఇల్లో తెలుస్తుంది. ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని ఎంవీపీ కాలనీలో విప్పితే ఎవరి పక్కిల్లు? ఫంక్షన్ లోపల పుట్టిన క్లాస్ పేరుని స్ట్రింగ్‌గా దాచితే సరిగ్గా ఇదే జరుగుతుంది. విప్పే వేళకి ఆ ఫంక్షన్ పని ముగిసిపోయి ఉంటుంది, ఆ పేరు ఎవరిదో చెప్పే చోటే మిగలదు. టైప్ హింట్లని కోడ్ తనిఖీకి మాత్రమే వాడేవాళ్ళకి దీనితో నొప్పి లేదు. ప్రోగ్రామ్ నడుస్తుండగా హింట్లు చదివి డేటా సరిచూసే పైడాంటిక్ లైబ్రరీకి, దాని మీద నిలబడ్డ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్ఏపీఐకి అది ప్రాణసంకటం.

మూడేళ్ళు ఆ ఫీచర్ భాషలోనే ఉంది. పైడాంటిక్ తిప్పలు పైడాంటిక్ పడుతూనే ఉంది. పెద్ద గొడవ కాలేదు, ఎందుకంటే ఆ లైన్ రాయనివాడికి ఏ బాధా లేదు. 3.10 ఆల్ఫాల్లో (విడుదలకి ముందొచ్చే ప్రయోగ ప్రతుల్లో) డిఫాల్ట్‌గా మారి, అక్టోబర్ దగ్గరపడుతుందనగా టెన్షన్ మొదలైంది. కొత్త ఫీచర్లు చేర్చడం ఆపేసే ఫీచర్ ఫ్రీజ్ మే 3న. ఏప్రిల్ నెల మధ్యలో పైడాంటిక్ రాసిన శామ్యూల్ కోల్విన్, ఫాస్ట్ఏపీఐ రాసిన సెబాస్టియన్ రమీరెజ్ గట్టిగా మొర పెట్టారు. ఏప్రిల్ 20న కౌన్సిల్ వెనక్కి తగ్గింది. ఆమోదం పొంది, కోడ్‌లో చేరి, ఆల్ఫాలు కూడా దాటిన మార్పుని ఫ్రీజ్‌కి రెండు వారాల ముందు ఆపేశారు.

ఆలస్యంగా మేలుకున్నారని లైబ్రరీలవాళ్ళ మీద అప్పట్లో విమర్శ వచ్చింది. అది పూర్తిగా అన్యాయం కాదు, మూడేళ్ళ వ్యవధి ఉంది కదా. కానీ లైబ్రరీ అంటే ఏమిటి? చాలా వాటి వెనక ఒకరో ఇద్దరో ఉంటారు, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట చూసుకుంటారు. భాష ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్ తెస్తుంది, వాళ్ళు ఏటా దాని వెనక పరిగెత్తాలి. 3.12లో ప్యాకేజీలు కట్టే డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్‌ని తీసేసినప్పుడు నేను పనిచేసే చోట ఒక సోమవారం పొద్దున్నే బిల్డ్ కూలిపోయింది. మేం ఆ పేరు ఎక్కడా వాడలేదు. మేం వాడే లైబ్రరీ వాడే ఇంకో లైబ్రరీ లోపల ఒకే ఒక్క ఇంపోర్ట్ లైన్ ఉంది. ముందుగా చెప్పారా అంటే చెప్పారు, 3.10 నుంచీ హెచ్చరిక వస్తూనే ఉంది. చూడాల్సిన మనిషి ఆ ప్రాజెక్ట్ వదిలి చాలాకాలమైంది.

2021లో ఆగినందువల్ల భాషకి నష్టమేమీ జరగలేదు. అదే సమస్యకి లారీ హేస్టింగ్స్ ఆ ఏడాది జనవరిలోనే పెప్ 649 రాసి ఉంచారు: చీటీని ఊరు దాటించొద్దు, అడిగినప్పుడే ఆ ఇంటి దగ్గరికెళ్ళి కనుక్కుందాం. అది 2025 అక్టోబర్ 7న 3.14తో వచ్చింది. నాలుగేళ్ళు పట్టింది, కానీ పైడాంటిక్‌ వాడే కోడ్ బతికింది.

ఇక గిల్. దాన్ని తీయాలన్న ప్రయత్నం కొత్తది కాదు. ఒక్క థ్రెడ్‌తో నడిచే ప్రోగ్రామ్ నెమ్మదించకుండా ఎవరైనా తీయగలిగితే సరే అని గైడో 2007లోనే అన్నారు, ఆ షరతు దగ్గరే అందరూ ఆగారు. హేస్టింగ్స్ కూడా ఒకసారి పూనుకుని ఆగినవారే. శామ్ గ్రాస్ 2021 అక్టోబర్‌లో చూపించిన పనితో లెక్క మారింది. ఆయన పెప్ 703కి కౌన్సిల్ 2023లో ఒప్పుకుంది, మూడు దశలు పెట్టింది: ముందు ప్రయోగంగా, తర్వాత అధికారికంగా కానీ ఐచ్ఛికంగా, ఆపైన డిఫాల్ట్‌గా. లైబ్రరీలకి మరీ ఇబ్బందైతే మొత్తం వెనక్కి తీసుకుంటామని కూడా చెప్పింది. ఆ మాట వెనక 2021 ఏప్రిల్ ఉందని నా నమ్మకం.

3.13తో మొదటి దశ, 3.14తో రెండోది అయ్యాయి. డిఫాల్ట్ కోరేవాళ్ళ దగ్గర మంచి అంకెలే ఉన్నాయి: గిల్ తీస్తే ఒంటి థ్రెడ్ ప్రోగ్రామ్ నెమ్మదించడం 3.13లో సుమారు 40 శాతం ఉండేది, 3.14లో 5 నుంచి 10 శాతానికి దిగింది. గిల్ ఉన్నదీ లేనిదీ రెండు రకాల బిల్డ్‌లు ఎల్లకాలం మోయలేమన్న వాదన కూడా సబబే. అయినా ఇప్పుడు మనం ఉన్నది పైడాంటిక్ ఆ మూడేళ్ళు ఉన్నచోటే. కావాలనుకున్నవాడే దించుకుంటున్నాడు కాబట్టి ఎవరి కోడ్ విరుగుతుందో ఇంకా బయటపడలేదు.

మొన్న మధురవాడలో మా టీమ్ కుర్రాడు పేరు చివర 'టి' ఉన్న, గిల్ లేని ఆ పైథాన్‌ని దించి, మా బిల్లింగ్ కోడ్ నడిపి చూశాడు. నాలుగు థ్రెడ్లు పెట్టాడు. వేగం పెరగలేదు. స్క్రీన్ పైకి జరిపితే ఒక హెచ్చరిక కనబడింది: సీ భాషలో రాసిన ఫలానా లైబ్రరీ గిల్ లేకుండా నడవగలనని చెప్పలేదు కాబట్టి గిల్‌ని మళ్ళీ ఆన్ చేశాం అని. "అంటే మళ్ళీ మొదటికే వచ్చామా అన్నా?" అన్నాడు. అవునన్నాను. ఆ లైబ్రరీని చూసుకునేది ఒక్కరే. కుర్రాడు ఆ రాత్రే ఆయనకి రాశాడు. రెండు రోజులకి జవాబొచ్చింది: చెయ్యాలనే ఉంది, శనివారాలు ఖాళీ దొరికితే మొదలుపెడతాను, పరీక్షించడానికి మీరేమైనా సాయం చేస్తారా అని.

ఈ శనివారం ఆఫీసుకి వస్తానన్నాడు మావాడు. నేనూ వెళ్తున్నాను.