గేమ్ సినిమా అయితే ఎందుకు తేలిపోతుంది?

పిల్లలకు ఆశీస్సులు.

ఇష్టమైన గేమ్‌ను సినిమాగా తీసి పాడు చేశారని మీకు కోపం వచ్చిందట. డైరెక్టర్‌కి గేమ్ గురించి ఏమీ తెలియదని తేల్చేశారట కూడా. అలాంటివాళ్లు లేకపోలేదు. కానీ గేమ్ పుట్టించినవాడే తీసినా బోల్తాపడొచ్చు. ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త హిరోనొబు సకగుచి 2001లో తనే దర్శకుడిగా సినిమా తీశాడు. గ్రాఫిక్స్ చూసి జనం ముక్కున వేలేసుకున్నారు కానీ డబ్బులు రాలేదు. దాన్ని తీసిన స్టూడియో మూతపడింది.

అసలు చిక్కు వేరే ఉంది. మారియో గేమ్‌లో కథ ఎంత? రాకుమారిని ఎత్తుకుపోయారు, విడిపించాలి. అంతే. అయినా మీరు గంటలు గంటలు ఆడతారు. ఎందుకంటే ఆ గోతిలో పడిందీ మీరే, విసుక్కుంటూ మళ్లీ దూకిందీ మీరే, చివరికి దాటిందీ మీరే. సినిమా ముందు మీ చేతిలోంచి కంట్రోలర్ లాగేసుకుంటుంది. ఇక మిగిలిన ఆ గుప్పెడు కథతో గంటన్నర నడపాలి!

1993లో మారియో సినిమా తీసినవాళ్లు ఆ ఖాళీని ఏదో ఒకటి వేసి నింపేశారు. డైనోసార్ల నుంచి పుట్టిన మనుషులు, చీకటి నగరం, ఊరంతా పాకిన బూజు. గేమ్‌లో కాలితో తొక్కేసే బుడ్డ గూంబాలు సినిమాలో భారీ శరీరం మీద చిట్టి బల్లి తల పెట్టుకుని తిరుగుతాయి. మారియో వేషం వేసిన బాబ్ హాస్కిన్స్ తన సినిమాలన్నిటిలో అదే చెత్త అని తర్వాత బాహాటంగానే చెప్పాడు.

2005లో వచ్చిన డూమ్ వాళ్లది ఇంకో దారి. కాసేపు తెర మీద తుపాకీ మాత్రమే కనిపిస్తుంది, అంతా హీరో కళ్లలోంచి చూస్తున్నట్టే. అచ్చం గేమే. కానీ పక్కవాడు ఆడుతుంటే మన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నట్టుంటుంది. 2016 నాటి అసాసిన్స్ క్రీడ్ అయితే మరీ అన్యాయం. పాత స్పెయిన్‌లో మిద్దెల మీద పరుగులు చూద్దామని వెళ్తే, ఎక్కువసేపు ఈ కాలపు ల్యాబ్‌లోనే కూర్చోబెట్టారు.

2019లో సోనిక్ అనే గేమ్ ముళ్లపంది సినిమా ట్రైలర్‌లో దానికి మనిషి పళ్లు పెట్టడం చూసి జనం గోల చేస్తే, బొమ్మంతా మార్చి 2020లో విడుదల చేశారు. మంచిదే. కానీ రూపం గీసి సరిచేయొచ్చు, కథకు ఆ వీలు లేదు.

ద లాస్ట్ ఆఫ్ అస్ గేమ్‌ని తీసుకుని చేసిన టీవీ సిరీస్ (2023) చూడండి. ఇప్పుడే కాదు, పెద్దయ్యాక! గేమ్‌లో ఫ్రాంక్ మనకు బతికుండగా కనిపించడు, చేదుగా రాసిన ఒక చీటీ మాత్రం దొరుకుతుంది. సిరీస్ మూడో ఎపిసోడ్‌లో అతనికీ అతని తోడు బిల్‌కీ ఏళ్ల తరబడి సాగిన జీవితమే ఇచ్చారు. ఫ్రాంక్ దాచి పెంచిన స్ట్రాబెర్రీ నోట్లో వేసుకుని ఆ మొండిమనిషి బిల్ చిన్నపిల్లాడిలా కిచకిచ నవ్వుతాడు. ఆ నవ్వు ఏ బటన్ నొక్కినా రాదు. ఆట తీసేసిన చోట మనుషుల్ని పెట్టారన్నమాట.

2023 మారియో మాత్రం 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. నాకైతే కథ పల్చగానే అనిపించింది. మీరు ఒప్పుకోరని తెలుసు. సెలవులకు రండి, తేల్చుకుందాం.

మీ
పెద్దనాన్న