ఆయిల్ రంగుల్లో ఎక్స్‌ప్రెషనిస్టు పండ్ల బొమ్మ: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎక్స్‌ప్రెషనిజం (ఉన్నదున్నట్టు కాక, మనసులోని భావాన్ని రంగుతో, గీతతో చెప్పే శైలి) గీత రానివాళ్ళ దారి, ఎలా పూసినా చెల్లుతుంది.

1905లో డ్రెస్డెన్‌లో ‘డీ బ్రూకె’, అంటే వారధి, అనే ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారుల బృందాన్ని మొదలుపెట్టిన నలుగురూ ఆర్కిటెక్చర్ విద్యార్థులు. కొలత తెలియక వంకరగా గీసినవాళ్ళు కారు. ఈ శైలిలో స్వేచ్ఛ రంగుకే, వెలుగునీడలకు లేదు. మామిడిపండును నీలంగా వేసినా పండులాగే కనిపిస్తుంది, ఆ నీలం ఉండాల్సినచోట లేతగా, ఉండాల్సినచోట ముదురుగా ఉంటే. అందుకని ట్యూబు మూత తీయకముందే కళ్ళు సగం మూసి పండ్లను చూడండి. లేత, నడిమి, ముదురు అని మూడే భాగాలుగా అరచేయంత చిత్తుబొమ్మ పెన్సిల్‌తో వేయండి. అందులో కుదరనిది కాన్వాస్ మీద కుదరదు.

అపోహ: ఆపిల్, ద్రాక్ష లేనిదే స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) కాదు.

ఎండాకాలంలో పలాస, ఉద్దానం వైపు దొరికే జీడిమామిడి పండు ఈ శైలికోసమే పుట్టినట్టుంటుంది. పసుపు, ఎరుపు కలిసిన ఒళ్ళు, కింద వంపు తిరిగిన బూడిదరంగు గింజ. తొందరగా మెత్తబడుతుంది కాబట్టి పొద్దున్నే తెచ్చి ఆ పూటే మొదలుపెట్టాలి. పచ్చి గింజ తొక్క మాత్రం చీల్చకండి, జీడి అంటితే చర్మం పొక్కుతుంది. విజయనగరంలో అయితే సువర్ణరేఖ మామిడి ఉండనే ఉంది, భుజం మీద ఎర్రజీరతో. మూడు పండ్లు చాలు.

అపోహ: నీడంటే నలుపు.

పసుపులో నలుపు కలిపితే బురదపచ్చ అవుతుంది, పండు కుళ్ళినట్టు కనిపిస్తుంది. పసుపు పండు నీడకు ఊదా కావాలి: అల్ట్రామెరైన్ నీలంలో కాస్త అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు. ఎర్ర పండు నీడకు అలిజరిన్‌లో కొంచెం విరిడియన్ ఆకుపచ్చ. పసుపు-ఊదా, ఎరుపు-ఆకుపచ్చ లాంటి ఎదురెదురు రంగులు పక్కపక్కన ఉంటే రెండూ మండుతాయి, కలిసిపోతే రెండూ చచ్చిపోతాయి. వెచ్చని రంగులకో బ్రష్, చల్లని రంగులకో బ్రష్ పెట్టుకోండి. 6, 8 నంబర్ల గట్టి ఫ్లాట్ బ్రష్‌లు సరిపోతాయి. పండు చుట్టూ గీతకు అల్ట్రామెరైన్, బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు కలపండి. గీత అక్కడక్కడా తెగాలి, లావు మారాలి. చుట్టూ ఒకే లావుగా లాగితే కాగితం కత్తిరించి అతికించినట్టుంటుంది.

అపోహ: రంగులో కలిపే అవిసె నూనె లేకపోతే వంటింటి నూనె కలపొచ్చు.

ఆయిల్ రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టి గట్టిపడుతుంది. అవిసె నూనెకు ఆ గుణముంది. కొబ్బరి, వేరుశనగ నూనెలు కలిపితే బొమ్మ ఎన్నాళ్ళైనా జిగటే.

అపోహ: మొదటినుంచీ మందంగా పూస్తేనే జోరు వస్తుంది.

ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. 12×16 అంగుళాల కాన్వాస్ బోర్డు తీసుకున్నారనుకోండి. మొదటి పొర, రంగును పలచన చేసే టర్పెంటైన్‌తో టీ డికాషన్ అంత పలచగా వేసి, ఒకటి రెండు రోజులు ఆగండి. రెండో పొరకు ట్యూబులోంచి తీసిన రంగే, ఏమీ కలపకుండా. మూడోది ప్యాలెట్ నైఫ్ (రంగు పూసే పలుచని కత్తి)తో, వెలుగు తగిలేచోట మాత్రమే, గోలీ అంత రంగుకు రెండు మూడు చుక్కల అవిసె నూనెతో. ఈ వరస తిరగేస్తే, నూనె ఎక్కువున్న అడుగు పొర ఇంకా ఆరుతూ కదులుతుంటే పైపొర పగుళ్ళిస్తుంది. టర్పెంటైన్ మరీ ఎక్కువైనా తప్పే, రంగు సుద్దలా రాలుతుంది.

అపోహ: ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది.

మందపు రంగుకు పైన చర్మం కట్టి ముడతలు పడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. వానాకాలం తేమలో ఇంకా ఆలస్యమవుతుంది, ఓపిక పట్టాల్సిందే. చీకటి బీరువాలో దాచినా అవిసె నూనె పసుపెక్కుతుంది, వెలుతురున్న గదిలో గోడకు ఆనించండి. బొమ్మను కాపాడే పైపూత, వార్నిష్, ఆరు నెలలకు ముందు వద్దు, నైఫ్ పని ఉంటే ఏడాది ఆగండి.

నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడదీసి ఆరేయండి, లేదా మూతున్న రేకు డబ్బాలో నీళ్ళుపోసి ముంచండి.