రెండు దోమలు చాలవా? సైన్స్ వాదనపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుల్లో ఏటా ఒకే తప్పు చూస్తుంటాను. ముందు జవాబు రాసేసుకుని, దానికి సరిపోయే ఆధారాలు ఏరుకొస్తారు. అప్పుడు వాళ్లకు, మలేరియాకూ దోమకూ ఉన్న సంబంధాన్ని వెతికిన బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ మన బేగంపేటలో కోసిన దోమల సంగతి చెబుతాను.

అపోహ: రెండు విషయాలు ఎప్పుడూ కలిసే కనిపిస్తే, ఒకటి రెండోదానికి కారణం.

వాస్తవం: చిత్తడి నేలల దగ్గర చలిజ్వరం ఎక్కువని జనం వందల ఏళ్లుగా గమనించారు. ఆ గమనింపులో తప్పేమీ లేదు. అక్కడి కుళ్లు గాలే జ్వరం తెస్తుందనుకోవడమే తప్పు. ఇటాలియన్ భాషలో 'మలేరియా' అంటేనే చెడు గాలి. నీళ్లు నిలిచిన చోట గాలి ఒక్కటే కాదు, దోమలూ ఉంటాయి. "ఇంకో కారణం ఉండొచ్చా?" అని అడగకుండా రాసిన ఏ ప్రాజెక్టుకూ నేను మార్కులు వేయను.

అపోహ: పెద్ద శాస్త్రవేత్త చెప్పాడంటే అదే ఆధారం.

వాస్తవం: మలేరియాలో దోమకు పాత్ర ఉందన్న ఊహను రాస్‌కు అందించింది ఆయన గురువు ప్యాట్రిక్ మాన్సన్. కానీ దోమ నీళ్లలో పడి చస్తుందని, ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుందని మాన్సన్ అనుకున్నాడు. రాస్ కొందరికి అలాంటి నీళ్లు తాగించి మరీ చూశాడు. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మొదట్లో ఒకతనికి జ్వరం వచ్చింది కానీ, మిగతావాళ్ల విషయంలో ఆ ఫలితం నిలబడలేదు. గురువుగారి మాటలో ఏది ఒప్పో, ఏది తప్పో చివరికి ప్రయోగాలే తేల్చాయి.

అపోహ: కళ్లారా చూశాక ఇంకా రుజువేమిటి?

వాస్తవం: పిల్లల దగ్గర నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. మలేరియా రోగిని కుట్టిన, అనాఫిలిస్ అనే రకం దోమను రాస్ 1897 ఆగస్టు 20న కోసి చూశాడు. దాని కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలు కనిపించాయి. ఆ రేణువులు మలేరియా పరాన్నజీవిలో ఉండేవాటిలాగే ఉన్నాయి. మర్నాడు ఇంకో దోమను కోస్తే, అందులో కణాలు మరింత పెద్దగా ఉన్నాయి. అంటే అవి ఎదుగుతున్నాయి!

ఆ డిసెంబరులో అచ్చయిన వ్యాసానికి పేరు పెట్టడంలోనూ ఆయన జాగ్రత్తపడ్డాడు. రెండు దోమల్లో కనిపించిన వింత కణాల గురించి అనే అర్థం వచ్చేలా పెట్టాడు. మలేరియా గుట్టు తేలిపోయిందని రాయలేదు. చేతిలో ఉన్నవి రెండే దోమలు మరి.

మిగతా పని 1898లో కలకత్తాలో, పిచ్చుకల మీద జరిగింది. పరాన్నజీవులు ఎక్కువున్న పిచ్చుకను కుట్టిన 10 దోమల్లో 1,009 కణాలు లెక్కకొచ్చాయి. ఓ మోస్తరుగా ఉన్న పిచ్చుకను కుట్టిన పదింటిలో 292 ఉన్నాయి. పరాన్నజీవి లేని పిచ్చుకను కుట్టిన పదింటిలో ఒక్కటీ లేదు. నాకు 1,009 కన్నా ఆ సున్నా ముఖ్యం. అది లేకపోతే, ఆ కణాలు ఏ దోమలోనైనా ఉండేవేనేమో అన్న అనుమానం మిగిలిపోయేది.

ఇదంతా పక్షుల మలేరియా. మనుషుల సంగతి ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది. అంటే ఒక్క వాదన నిలబడటానికి రెండు దేశాలు, పక్షులు, మనుషులు, ఒకరినొకరు తనిఖీ చేసుకునే శాస్త్రవేత్తలు కావాల్సి వచ్చారు.

అపోహ: ఏమీ దొరకని ప్రయోగం దండగ.

వాస్తవం: అంతకుముందు రెండేళ్ల పాటు రాస్ కోసినవి ఎక్కువగా వేరే జాతుల దోమలు. వాటిలో ఈ కణాలు లేవు. ఆ వందల దోమలను చూసి ఉన్నాడు కాబట్టే, ఆగస్టు 20న కనిపించింది కొత్తదని వెంటనే గుర్తుపట్టగలిగాడు. అందుకే 'ఫలితం రాలేదు' అన్న పేజీని చింపేయొద్దని మా పిల్లలకు గట్టిగా చెబుతాను.

పోయినేడాది ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె 'వేపాకు పొగతో దోమలు పోతాయి' అని చార్టు తెచ్చింది. ఐదు రాత్రులు లెక్కపెట్టిందట. "పొగ వేయని గదిలో ఎన్ని ఉన్నాయమ్మా?" అని అడిగాను. మళ్లీ వెళ్లి రెండు గదుల్లోనూ లెక్కపెట్టింది. పక్క గదిలోనూ కొన్ని రాత్రులు దోమలు తగ్గాయి. తేడా ఉంది కానీ, తను అనుకున్నంత లేదు. చార్టు మీద పాత వాక్యం కొట్టేసి, 'పొగ వేసిన గదిలో కాస్త తక్కువ కనిపించాయి, రెండు గదులే చూశాను' అని రాసుకొచ్చింది.