హెచ్‌ఐవీ మందు చవకైన దారిలో ఒక గుంటూరు కెమిస్ట్

హెచ్‌ఐవీ మందుల ధరలు ఎలా దిగొచ్చాయని అడిగితే చాలామంది 2001 నుంచి చెప్పడం మొదలుపెడతారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మన దేశపు మందుల కంపెనీ సిప్లా మూడు మందుల కోర్సును రోగికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ఎమ్‌ఎస్‌ఎఫ్ అనే వైద్య సేవా సంస్థకు చెప్పింది. అప్పటికి బ్రాండెడ్ మందుల ఖర్చు ఏడాదికి 10,000 డాలర్లు దాటేది. కానీ దీనికి పదేళ్ల ముందే హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఏజెడ్‌టీ అనే హెచ్‌ఐవీ మందు తయారీ మీద జరిగిన పని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఆ పనికి నాయకుడు, 1935లో గుంటూరులో పుట్టిన డాక్టర్ ఏవీ రామారావు.

ముందు చట్టం సంగతి. 1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మందు మీద పేటెంట్ ఉండదు, తయారుచేసే పద్ధతి మీదే ఉంటుంది. అంటే వేరే రూటు కనిపెట్టగలిగితే ఎవరైనా ఆ మందు చేసుకోవచ్చు. మన మందుల పరిశ్రమ గురించి రాసేవాళ్లు ఇక్కడే ఆగిపోతుంటారు. ఆ వేరే రూటు కనిపెట్టేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నది నాకు అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

రామారావు పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో కె. వెంకటరామన్ దగ్గర తయారయ్యారు. వెంకటరామన్ రంగుల రసాయనంలో దిట్ట, పరిశ్రమకు పనికొచ్చే కెమిస్ట్రీని గౌరవించిన మనిషి. 1970ల్లో రామారావు హార్వర్డ్‌లో ఇ.జె. కోరే దగ్గర పనిచేశారు. తయారుచేయాల్సిన అణువును వెనక నుంచి ముక్కలుగా విడదీసుకుంటూ ఏ ముడిసరుకుతో మొదలుపెట్టాలో తేల్చే పద్ధతికి కోరే 1990లో నోబెల్ అందుకున్నారు. తిరిగొచ్చాక రామారావు బృందం బిళ్లగన్నేరు మొక్క నుంచి వచ్చే క్యాన్సర్ మందులు విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్‌ల మీద పనిచేసింది. సిప్లాతో ఆయన బంధం బలపడింది అక్కడే. 1985లో ఆయన హైదరాబాద్ లేబొరేటరీకి డైరెక్టర్‌గా వచ్చారు. 1989లో దానికి ఐఐసీటీ అని పేరు మారింది.

ఏజెడ్‌టీ, అంటే జిడోవుడిన్, అప్పటికే పాత అణువు. 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం తయారుచేసి, పనిచేయకపోవడంతో పక్కన పెట్టేశారు. 1987లో అది ఎయిడ్స్‌కు అనుమతి పొందిన తొలి మందు అయింది. కాగితం మీద చూస్తే సులువే: డీఎన్‌ఏలో భాగమైన థైమిడిన్ అణువు తీసుకుని, దాని చక్కెర భాగంలో ఒక హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) తీసి అక్కడ అజైడ్ (మూడు నైట్రోజన్ల గుంపు) పెట్టాలి. చిక్కేమిటంటే, నేరుగా మార్చితే అజైడ్ అవతలి వైపుకు తిరిగిపోతుంది. సరైన వైపు రావాలంటే రెండుసార్లు తిప్పాలి. పైగా అజైడ్ రసాయనాలు పేలే స్వభావం ఉన్నవి. థైమిడిన్ ఖరీదైనది, మొదట్లో దాన్ని చేపల వీర్యం నుంచి తీసేవారు. గ్రాముల్లో ల్యాబ్‌లో చేసి చూపించడం ఒక ఎత్తు, కిలోల్లో భద్రంగా, చవకగా చేయడం ఇంకో ఎత్తు. ఐఐసీటీ పద్ధతితో సిప్లా 1990ల తొలినాళ్లలో ఈ మందు తెచ్చింది.

సిప్లా పెట్టిన ధర కూడా మన దేశంలో చాలా కుటుంబాలకు అందలేదు. ఒక్క మందుతో వైరస్ లొంగదని కూడా తర్వాత తేలింది. 2001 నాటి 350 డాలర్ల కోర్సులో ఏజెడ్‌టీ లేదు కూడా. అయినా హెచ్‌ఐవీ మందులు మన దేశంలోనే చేయగలమన్న ధైర్యం పరిశ్రమకు అప్పుడే వచ్చిందని నా నమ్మకం. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఈ మందులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు ఇచ్చిన కలయికల్లో జిడోవుడిన్ ఉంది.

రామారావు 1995లో రిటైరై అవ్రా లేబొరేటరీస్ పెట్టారు. 2016లో పద్మభూషణ్ వచ్చింది. ఈలోగా చట్టం మారింది: 2005 జనవరి 1 నుంచి మందు మీద కూడా పేటెంట్ ఇస్తున్నారు. ఇప్పుడు హెచ్‌ఐవీకి ప్రధానంగా వాడే డోలుటెగ్రావిర్‌ను మన కంపెనీలు పేటెంట్ యజమాని ఇచ్చిన లైసెన్సుతోనే చేయడం మొదలుపెట్టాయి. పేటెంట్ ఉన్న మందుకు ఇవాళ ఎంత మంచి కొత్త రూటు కనిపెట్టినా, పేటెంట్ గడువు తీరేదాకా లైసెన్సు లేకుండా ఆ మందు అమ్మే వీల్లేదు.