అవలాన్ వీధిలో ఆగిన కారు

చిరంజీవులు చిన్నుకీ పండుకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న చిన్ను ఫోనులో అడిగాడు: "పోలీసులు ఒక్క కారు ఆపితే ఊరు తగలబడిపోతుందా తాతయ్యా?" నాలుగు మాటల్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. అలాంటిదొకటి మీరుండే లాస్ ఏంజెలస్‌లోనే జరిగింది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

1965 ఆగస్టు 11, బుధవారం సాయంత్రం. ఇళ్లలో ఉక్కకు తాళలేక జనం వీధుల్లోకి వచ్చి ఉన్నారు. వాట్స్ అనే నల్లజాతివాళ్ల పేట దగ్గర, అవలాన్ బులెవార్డ్ మీద మోటారు సైకిల్ పోలీసు ఒకాయన పాత బ్యూక్ కారును ఆపాడు. నడుపుతున్నది మార్కెట్ ఫ్రై అనే 21 ఏళ్ల నల్లజాతి కుర్రాడు. తాగి నడుపుతున్నాడని ఆపారు. ఇల్లు అక్కడికి దగ్గరే. కబురందుకుని తల్లి వచ్చింది. వస్తూనే, తాగినందుకు కొడుకుకే చీవాట్లు పెట్టింది.

ఆ కథ చదివినప్పుడల్లా నేను ఇక్కడే ఆగిపోతాను. అమ్మ తిట్లతో, ఒక కేసుతో అయిపోవలసిన గొడవ అది. కానీ కుర్రాడు మొరాయించాడు, పెనుగులాట జరిగింది, అతని తల మీద లాఠీ పడింది. తల్లినీ, కారులోనే ఉన్న మరో కొడుకుతో సహా ఇద్దరు కొడుకులనీ అరెస్టు చేశారు. అప్పటికే వందల మంది మూగారు. ఆ గుంపులోంచి పోలీసులు మరో యువతిని పట్టుకున్నారు. ఆమె మంగలి దుకాణంలో వేసుకునే వదులు అంగీతో ఉంది. దాంతో "గర్భిణిని కొట్టారు" అన్న పుకారు పేటంతా పాకింది.

జనం ఎందుకంత తేలిగ్గా నమ్మారు? ఎందుకంటే, పోలీసుల చేతిలో అవమానం వాళ్లకు కొత్త కాదు. ఊళ్లో చాలాచోట్ల వాళ్లకు ఇల్లు అమ్మరు, అద్దెకివ్వరు. అలా చేయకూడదని 1963లో చట్టం వస్తే, 1964 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లే దాన్ని కొట్టేశారు. వాట్స్‌లో ఉద్యోగాల్లేవు, బస్సులు అంతంతమాత్రం, దగ్గర్లో సరైన ఆసుపత్రి లేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాళ్ల ఓటు హక్కును కాపాడే చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసి అప్పటికి సరిగ్గా ఐదు రోజులు. వాట్స్ వాళ్లకు ఓటు ముందు నుంచీ ఉంది. లేనివి ఇల్లూ, పనీ, మర్యాదా.

ఆ పుకారుతో రేగిన అల్లర్లు ఆరు రోజులు సాగాయి. 34 మంది చనిపోయారు, వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లే. దాదాపు 14,000 మంది నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర సేన సైనికులు దిగారు. దుకాణాలు తగలబెట్టడం న్యాయమని నేననను. రేపు ఆ పేట తల్లులు బియ్యం, పాలు ఎక్కడ కొనుక్కోవాలి? అయినా ఆ కోపం ఒక్క సాయంత్రంలో పుట్టిందంటే నేనొప్పుకోను. ఆ అల్లర్ల మీద వేసిన విచారణ సంఘం కూడా ఉద్యోగాల గురించీ, బడుల గురించీ, ఆసుపత్రి గురించీ రాయవలసి వచ్చింది. ఆ ఆసుపత్రి 1972లో వచ్చింది, మార్టిన్ లూథర్ కింగ్ పేరుతో.

మీ నాన్నలాంటివాళ్లకు అమెరికా తలుపులు తెరిచిన వలస చట్టం కూడా అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. నల్లజాతివాళ్లు హక్కుల కోసం పోరాడిన ఆ రోజుల్లోనే అది సాధ్యమైంది. అందుకే వాట్స్ కథను మీరు పరాయివాళ్ల కథగా చదవకండి.

వేసవిలో నేనొచ్చినప్పుడు అక్కడి గోపురాలు చూద్దాం. సైమన్ రోడియా అనే ఇటలీ తాపీ పనివాడు పగిలిన పింగాణీ, సీసా ముక్కలు అతికించి ముప్పై ఏళ్లకు పైగా ఒక్కడే కట్టాడు. ఆ ఆరు రోజుల్లో వాటి జోలికి ఎవరూ పోలేదు.

మీ తాతయ్య